పదో ఫారం

కుముదశ్రీ ఆడమనిషి గాదు.
మింట్ కాంపౌండ్ల కరెంటు బిల్లులు రాసే గుమాస్తా,
వేమవరపు సుందరశివం.
ఈ ముచ్చట కాచిగూడల మా ప్రెస్సుకెరుక,
కింద ఇరానీ హోటలాయనకెరుక.
సారు పెండ్లానికి గూడ శానా దినాలు తెల్వదు.

నేను అచ్చరాలు కూర్చేటోణ్ణి.
సీసపు అచ్చరాలు, అద్దంల మొకం లెక్క
ఉల్టా ఉంటయి.
సారు రాసిన ఇరవై రెండు హత్యలు
దునియా కంటె ముందు నా వేళ్లకే తెల్సినయి.

సేటుది ఒక్కటే లెక్క:
పది ఫారాలు, నూట అరవై పేజీలు.
ఒక్క పేజీ తగ్గినా పైసలు కోత.

ఒకపాలి కథ తొమ్మిది ఫారాలకే ఒడిసింది.
హంతకుడు దొరికిండు, బేడీలు పడ్డయి.
పదహారు పేజీలు ఖాళీ.
"జంగయ్యా, ఏం జేద్దాం?" అన్నడు సారు.
"జర వాన కురిపియ్యి సార్" అన్న, నవ్వులాటకు.

మెట్ల మీద కూసొని, పాత గేలీల ఎనక
పొద్దుగూకేదాంక రాసిండు.
నాంపల్లి టేషన్ రేకుల మీద వాన,
గొడుగు మర్సిన టైపిస్టు పిల్ల,
ఆమెతోని ఒక్క మాటా అనలేక
మూడు చాయ్‌లు తాగిన ఇన్‌స్పెక్టరు.
గంతే. ఏమీ జరగది.
రైలొస్తది, పిల్ల పోతది, వాన ఆగది.
మా కేసుల "వ" కొన ఇరిగి ఉండె,
వాన అన్న తాన అంతా జరంత గాయం.

హత్య గురించి ఒక్క జాబు రాలె.
వాన గురించి సంచెడు వచ్చినయి.
ఇల్లెందు నుంచి ఒక నర్సమ్మ,
"అక్కా, ఆ గొడుగు మర్సిందాన్ని నేనే" అని.
సారు రాత కోడి గీకినట్టుంటది,
జవాబులు ఏడో తరగతి సదివే నా బిడ్డ రాసింది,
"ప్రేమతో, మీ కుముదశ్రీ".

చిక్కడపల్లి అద్దె పుస్తకాల దుకాణంల
ఎవడో మొదటి పేజీలనే పెన్సిల్ తోని
"చంపింది కంపౌండరు" అని గీకిండు.
సారు దాని కింద "కాదు, మళ్లీ చదవండి" అని రాసి
సప్పుడుజేయక వచ్చిండు.
చంపింది కంపౌండరే.

తర్వాత టీవీలొచ్చినయి. ఆఫ్‌సెట్ వచ్చింది.
అచ్చరాలను కిలోల లెక్కన అమ్మిండు సేటు.
సారు పోయిన్నాడు పేపర్ల రెండు లైన్లు:
విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి.

మొన్న ఐతారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది.
అట్ట మీద క్యాలెండర్ పిల్ల, ఎనక చెదలు.
తిరగేసిన. నూట నలభై నాలుగు కాడ తెగింది.
"ఆఖరి ఫారం లేదు కదా తమ్మీ" అన్న.
పిలగాడు జూసిండు, నవ్విండు.
"హంతకుడు దొరికిండు గద పెద్దాయనా,
ఇంకేం గావాలె?"

ఇరవై రూపాలిచ్చిన, బేరం జెయ్యలె.
బస్సుల కూసున్నంక
బొటనేలూ చూపుడేలూ వాటికవే
కేసుల్నుంచి ఒక్కొక్కటే తీస్తున్నయి,
కొన ఇరిగిన "వ".