ఏడో భాగం, ఎనభై మూడో ఓవరు

రాత్రంతా పిండి పిసికే చేతులు నావి.
బులవాయో నిద్రపోతుంటే
నాలుగొందల రొట్టెల్ని లేపుతాను,
అవి లేచాక నేను పడుకుంటాను.
నెలకొక్కసారే శని ఆది రెండూ నా చేతికొస్తాయి.
వాటి కోసం మిగతా రోజులన్నీ
పొయ్యిలో పెడతాను.

శనివారం సినిమా. ఏడో భాగం.
మొదటి భాగం నాటికి నాకు మీసాలు లేవు.
మూడులో చచ్చిన విలన్
ఐదులో తమ్ముడి మొహంతో వచ్చాడు,
ఆరులో ఆ తమ్ముడే మంచివాడయ్యాడు.
ఇదంతా పక్క సీటు నొమ్‌సాకి విప్పి చెప్పాలి.
ఆమె తిన్నగా ఏడుకే వచ్చింది,
ఎవరి తరఫో తెలియకుండా పెళ్లికొచ్చినట్టు.
"ఈ ఒంటికన్నువాడు ఎవరివైపు?"
"ఆగమ్మా, ఇంకా వాడికే తెలీదు."

హీరో వంతెన పట్టుకు వేలాడుతున్నాడు.
కింద నది. పైన, వేళ్ళ పక్కనే, ఒక బూటు.
బూటు ఎవరిదో చూపించబోతుండగా
కరెంటు పోయింది.

మా ఊళ్ళో కరెంటు పోతే ఎవరూ అరవరు.
ఫోన్లు వెలిగాయి. వెలుగు గడ్డం కింద నుంచి పడి
అందరం విలన్లమయ్యాం.
జనరేటర్లో డీజిల్ లేదని
గేటు దగ్గరి ముసలాయన
తప్పు తనదే అయినట్టు టోపీ తీసి చెప్పాడు.
ఒక్కరూ లేవలేదు.
"బూటు తమ్ముడిదే."
"కాదు, తండ్రిది. చచ్చాడన్నారు గానీ శవాన్ని చూశావా నువ్వు?"
అప్పటిదాకా ఎవరెవరో తెలియని నొమ్‌సా
చీకట్లో తేల్చి పారేసింది:
"వాళ్ళమ్మది. నాలుగో సైజు.
నేను చెప్పుల షాపులో పనిచేస్తాను."
హాలంతా గప్‌చుప్.
ఆ మాట మీదే ఇళ్ళకెళ్ళాం.

ఆదివారం క్రికెట్. ఐదో రోజు.
చెట్ల కింద, చవక టిక్కెట్ల వైపు.
వేయించిన వేరుశెనగలు, నారింజలు, నోటు పుస్తకం.
ప్రతి బంతీ రాస్తాను, పన్నెండేళ్ళుగా.
బడిలో ఇంత శ్రద్ధగా రాసుంటే
ఈపాటికి రొట్టెలు కొనేవాడివి, కాల్చేవాడివి కాదు
అంటుంది మా అక్క.
ఇంకొక్క వికెట్ చాలు మాకు.
వాళ్ళేమో బ్యాటుతో గోడ కట్టారు.
చుక్క. చుక్క. చుక్క.
జూలై ఎండ ఇక్కడ చలికాలపు ఎండ,
వీపు మీద చెయ్యేసి
కాస్సేపు, అంటుంది.
నేనూ కాస్సేపే అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి
చెట్ల నీడలు పిచ్ దాటిపోయాయి.
జనం ఒకళ్ళనొకళ్ళు ఎత్తుకుంటున్నారు.
ఎవరి పిల్లాడో, పదేళ్ళుంటాయి, పేరు బుసాని అన్నాడు,
నా పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు.
పద్నాలుగు ఓవర్లు పెన్సిల్‌తో నింపాడు,
నావాటికంటే గుండ్రటి చుక్కలు.
ఎనభై మూడో ఓవర్లో ఆఖరి గడి ఖాళీ.
"ఈ బంతి?"
"నారింజ ఒలుస్తున్నా. అందరూ అరిచారు.
తలెత్తేసరికి అయిపోయింది."
"క్యాచా, బౌల్డా?"
"మీరు చూశారనుకున్నా.
తల ఊపుతూనే ఉన్నారుగా!"

ఆ దారిన పోయే ఎవర్నడిగినా చెప్పేవారే.
అడగలేదు.
మిగిలిన నారింజ ఇద్దరం తిన్నాం.

సోమవారం రాత్రి, పిండి బల్ల.
"ఊఁ, చెప్పు" అన్నాడు ద్లోద్లో,
శని ఆది రెండూ పొయ్యి ముందే గడిపినవాడు.
చెప్పాను.
బంతి ఆఫ్ వైపు పడి లోపలికి కోసుకొచ్చిందని,
మధ్య స్టంపు పల్టీలు కొట్టి
కీపర్ గ్లవ్స్ దగ్గర ఆగిందని.
పడిన చోటు ఇదిగో అని
పిండి ముద్దలో వేలు గుచ్చి చూపించాను.
సినిమా కూడా చెప్పాను, వంతెన దాకా,
బూటు దాకా, లేసు ముడి దాకా.

ద్లోద్లో చేతులు ఆగిపోయాయి.
"అమ్మా? అస్సలు అనుకోలేదురా."

"నేను మాత్రం అనుకున్నానా,"
అన్నాను, పిండి తిరగేస్తూ,
"చివరిదాకా తెలీనివ్వలేదు."