పదకొండో సెకను

హియుమా దీవిలో, కార్ద్లా ఊళ్లో
రేడియోలు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.
రేడియోలే మిగల్లేదు గనక
ఎవరు ఏది తెచ్చినా విప్పి చూస్తాను.

నవంబరు. నాలుగింటికే పొద్దుగూకిన మంగళవారం
మ్యూజియం నుంచి విర్వె ఫోన్ చేసింది.
"స్పీకర్లు మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున ఆగిపోతున్నాయి,
ఎవరో గొంతు పట్టుకున్నట్టు."

ముందు తీగని అనుమానించాలి,
ఊళ్లో దొంగతనం జరిగితే
పేదవాడి ఇల్లు ముందు సోదా చేసినట్టు.
వంచాను, మెలిపెట్టాను, మెడ దగ్గర నొక్కాను.
గరగరమని కూడా అనలేదు పాపం, నిర్దోషి.
సాకెట్ మార్చాను.
కింద గదిలో బాయిలర్ రాజుకున్నప్పుడల్లా
కరెంటు ఊగుతుందేమోనని
గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. కాదు.

స్పీకర్లు ఇంటికి పట్టుకెళ్లి
రాత్రంతా అకార్డియన్ పాటలు పెట్టాను.
ఒక్కసారీ తప్పలేదు అవి.
మా ఆవిడకే నిద్ర తప్పింది.

"మా ఇంట్లో బుద్ధిగానే ఉన్నాయి" అన్నాను.
"ఇక్కడుండవు" అంది విర్వె,
బళ్లో పిల్లల మీద చాడీ చెప్పినట్టు.

అప్పుడు, చెయ్యాల్సిన పని ఆఖర్న చేశాను:
ఆమె వింటున్నది కూచుని విన్నాను.

దీపస్తంభం కాపరి ఎండెల్, ఎప్పటిదో టేపు.
ఎవరో ప్రశ్న అడుగుతారు.
ప్రశ్నకీ జవాబుకీ నడుమ
ఓ పడవ అవతలి ఒడ్డుకి వెళ్లి రావచ్చు.
మా దీవిలో పాతవాళ్లంతా అంతే,
మాటని చేపలా తూకం వేసిగాని ఇవ్వరు.

గడియారం చూశాను.
ఏడు. తొమ్మిది. పది.
స్పీకర్లో చిన్న టిక్కు.
పదకొండో సెకనులో ముసలాయన నోరు తెరిచాడు.
స్పీకరింకా కళ్లు నులుముకుంటోంది.

మౌనం అర్ధాంగీకారమంటారు.
ఈ కంప్యూటర్‌కి మౌనం పూర్తి సెలవు.
పది సెకన్లు చప్పుడు లేకపోతే
మనిషి వెళ్లిపోయాడనుకుని, పొదుపుగా, దీపమార్పి పడుకుంటుంది.

కానీ టేపు ఏనాడూ నోరుమూసుకోదే!
సుయ్యిమంటూనే ఉంటుంది, పొయ్యి మీద నీళ్లలా.
"దీన్నెవరు కడిగారు?" అన్నాను.
"టాలిన్‌లో ఓ కుర్రాడు. ఎంత బాగా శుభ్రం చేశాడో!"

చాలా బాగా చేశాడు.
గాలి లేదు, కుర్చీ కిర్రు లేదు,
ఎండెల్ ఊపిరి కూడా లేదు.
మాటకీ మాటకీ మధ్య
తుడిచిపెట్టిన సున్నా.

సెట్టింగుల్లో ఓ గడిలో టిక్కు తీసేశాను.
ఆరు సెకన్ల పని.
నాలుగు రోజుల బిల్లు ఏ మొహంతో వేయను?

విర్వె మాత్రం లేవలేదు.
టైపు చేసిన కాగితాల్లోంచి
ముప్పై ఒకటో పేజీ బయటికి లాగింది.
పడవ తిరిగిరాని రాత్రి గురించి అడిగిన చోట
ఎండెల్ జవాబు రెండే మాటలు:
దీపం లేదు.

ఆ పడవ వాళ్ల మనవరాలు, మారెత్,
పోయిన నెల వచ్చి అది చదివిందట.
ఏమీ అనకుండా కాగితం బల్ల మీద పెట్టి
కోటు బొత్తాలన్నీ పెట్టుకుని వెళ్లిందట.

మళ్లీ పెట్టాం.
"దీపం" అన్నాడు ఎండెల్.
ఏడు. తొమ్మిది. పది.
ఈసారి టిక్కు లేదు.
పదకొండు.
"ఆర్పలేదు."

ఆర్ప.
రెండక్షరాలు.
స్పీకరు ఆవులింతలో పోయినవి.

కడగని టేపు కూడా తెప్పించమన్నాను,
స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుంటూ,
ఏదో ఒకటి అనాలి గనక.
విర్వె వినలేదు. నంబరు తిప్పుతోంది.

అవతల మారెత్ ఎత్తింది.
విర్వె ఉన్నదున్నట్టు చెప్పింది,
తీగ గురించీ, కుర్రాడి గురించీ, రెండక్షరాల గురించీ.
తర్వాత ఫోన్లో ఏమీ లేదు.

నేను అలవాటుగా గడియారం వైపు చూసి,
ఒకటి, రెండు,
మానేశాను.