బొటనవేలి లెక్క

జూలై ఆఖరుకి పల్ప్ ఫ్యాక్టరీ బాయిలర్ చల్లారింది.
చివరి తోతాపురి లారీ వెళ్ళిపోయి వారమైనా
నా గోళ్ళలో ఇంకా పులుపు.
ఇక జీతం సగం, పొద్దు రెట్టింపు.
ఈశాన్యం నుంచి వాన దిగేలోపు
ముప్పై తొమ్మిదేళ్ళ ఈ మోకాళ్ళకు
బురద నేర్పాలి.

అటక మీంచి సైకిల్ దించాను.
చెయిన్‌లో పోయినేటి మట్టి,
ఎండి, ఎర్రగా, నా పరువంత పెళుసుగా.
పోయినేడు ఇరవై ముగ్గురిలో నేను ఇరవై రెండు.
ఇరవై మూడో అతను
హ్యాండిల్ విరిగి, మధ్యలోనే
టీ తాగుతూ కూర్చున్నాడు.

చెంగల్రాయులు దుకాణంలో
గరుకు టైర్లు రెండు, పాత బాకీ ఒకటి.
"గాలి గట్టిగా కొట్టేదా?" అన్నాడు.
వద్దన్నాను. బురదలో గట్టి టైరు
మొండి మనిషి లాంటిది, జారుతుంది గానీ వంగదు.
గేజీ పాడయి రెండేళ్ళయిందట.
బొటనవేలితో నొక్కి చూశాను,
పదకొండు సీజన్లు కాయల కుప్పల ముందు నిలబడి నొక్కినట్టు:
ఇది పచ్చి, ఇది దోర, ఇది రేపటికి ఆగదు.
దోర దగ్గర ఆపమన్నాను.
ఆయన నవ్వలేదు. తనూ ఒకసారి నొక్కి
"అవును మే, దోరే" అన్నాడు.

నీవా నదిలో నీళ్ళు లేవు,
ఇసుక, సీమకంప, ఎవరివో చెప్పులు.
పొద్దున ఐదున్నరకు అక్కడ తొక్కడమంటే
అప్పు కట్టడం. కట్టిందంతా వడ్డీకే పోతుంది,
అసలు కదలదు.

మామిడి పెట్టెల పలకలు రెండు
మోకాలెత్తున పాతాను.
వాటి దగ్గరికొచ్చి కుడికాలు వెనగ్గా తిప్పి దిగాలి,
ఆగకూడదు.
సైకిల్ని భుజానికెత్తి దాటాలి,
ఆగకూడదు.
దించి, ఆ పరుగులోనే సీటు మీదికి దూకాలి.
మొదటి వారం పలక మీద పడ్డాను.
రెండో వారం పలకకు అవతల పడ్డాను.
ఫోనులో సెకన్లు లెక్కబెట్టే మా జస్విత
నోటుబుక్కులో దీన్ని
అభివృద్ధి అని రాసుకుంది.

ఏకాంబరం తాత మేకలు తోలుకుపోతా ఆగాడు.
"సైకిలు నిన్ను మొయ్యాల గానీ
నువ్వు దాన్ని మోస్తా ఉండావేమ్మా, చెడిపొయ్యిందా?"
చెడిపోలేదు తాతా, ఇదే ఆట.
చానాసేపు ఆలోచించాడు.
"అట్లయితే ఇంగొంచెం పైకెత్తుకో.
మేకపిల్లను మోసేది గూడా మెడకాడనే."
ఆరు వీడియోలు చూసినా అర్థం కానిది
ఆ ఒక్క మాటకు కుదిరింది.
భుజం మీది నల్లమచ్చ
మర్నాటికి అంగుళం జరిగింది.

సెప్టెంబరంతా ఆకలి.
సంగటి ముద్ద, ఊరిబిండి, మళ్ళీ సంగటి.
క్వారీ గుట్ట ఎక్కి దిగి, ఎక్కి దిగి
రాత్రి పిక్కలు పట్టేస్తే
గోడకు కాళ్ళు తన్నిపెట్టి పడుకునేదాన్ని.
గ్రేడింగ్ బెల్టు దగ్గరి మునిలక్ష్మి అడిగింది:
ఫస్టొస్తే ఏమిస్తారక్కా?
ఒక మెడల్, ఒక టవలు.
ఇరవై రెండొస్తే?
తువాలు మనమే తెచ్చుకోవాల.

అక్టోబరు పదిహేడు, రాత్రి రెండు గంటలకు
రేకుల మీద మొదటి చినుకు.
వాన పడితే బట్టల కోసం లేచే ఇంట్లో
నేను బూట్ల కోసం లేచాను.
తెల్లారేసరికి నీవాలో సన్నటి నీటిచార,
ఇసుకంతా నల్లగా, మెత్తగా,
పిండి కలిపి పక్కన పెట్టినట్టు.

రెండు పలకల్లో ఒకటి లేదు.
ఏటిలో పోయిందనుకున్నా.
తిరిగొస్తుంటే తాత మేకలదొడ్డికి
అడ్డంగా కట్టి కనిపించింది,
ఫ్యాక్టరీ ముద్రతో సహా.
అడుగుదామని సైకిల్ దిగాను.

పదిరోజుల పిల్ల ఒకటి
దూరం నుంచే ఉరికొచ్చి
చెవులు ఎగరేస్తూ
ఆ పలకను దాటేసింది,
ఆగలేదు.