బ్రిక్స్

ఆదివారం పొద్దున ఐదున్నర బస్సు.
పూతలపట్టు వచ్చేలోగా ఒక చాప్టరు చదివేయాల.
చదవను. కిటికీకి తల ఆనించి నిద్రపోతాను.
ఒళ్లో మార్కెటింగు పుస్తకం తెరిచే ఉంటుంది,
కండక్టరు టికెట్టు చింపి దాంట్లోనే పెట్టి పోతాడు
పేజీ గుర్తుగా.

నలభై నాలుగేళ్లు నాకు.
పంతొమ్మిదేళ్లు గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో
తోతాపురి రసం ఒక చుక్క గాజు మీద వేసి
మూత మూసి, వెలుతురుకేసి ఎత్తి
కుడికన్నుతో తీపిని అంకెగా చదివినదాన్ని.
పద్నాలుగుంటే లోపలికి.
పదమూడైతే ట్రాక్టరు వెనక్కి.
తీపంటే నాలుక మీద ఉండేదని అందరూ అనుకుంటారు.
నాకది నీలమూ తెలుపూ కలిసే గీత.

పోయిన సీజనుకు కొత్త మిషను వచ్చింది,
దానికి కన్ను అక్కర్లేదు.
దాని వెనకే ఒక పిల్లోడు వచ్చినాడు, ఇరవై ఆరేళ్లు, ఎంబీఏ.
"అక్కా, మీ అనుభవం మాకు ఆస్తి" అన్నాడు.
ఆస్తిని అమ్మే ముందు ఎవరైనా అనే మాటే అది.
పీఎఫ్‌లో సగం తీసి ఇక్కడ తిరుపతిలో ఫీజు కట్టినాను.
మా ఆయన ఏమీ అనలేదు.
రెండు దినాలు కూరలో ఉప్పెక్కువైందన్నాడు, అంతే.

బ్యాంకు హేమాద్రి సారు నా పక్క బెంచీ,
ప్రతి వారం కళ్లజోడు మరిచిపోయి నాది అడుక్కుంటాడు.
మందుల కంపెనీ ఖాదర్‌బాషా
పిలిచేదాకా గుమ్మం బయటే నిలబడతాడు, ఇరవై ఏళ్ల అలవాటు.
దేవకృప నైట్‌డ్యూటీ దిగి నేరుగా వస్తుంది,
కళ్లు తెరుచుకుని నిద్రపోయేది ఎట్లాగో
మాకందరికీ నేర్పింది ఆమే.

మొన్న తెర మీద ఒక కేసు వేసినాడు లెక్చరరు.
పేరు మార్చిన ఒక గుజ్జు కంపెనీ. అన్నీ బాణాలు.
ఈ చివర డబ్బా,
ఆ చివర ఒక చిన్న పెట్టె, అందులో "సరఫరాదారుడు".

ఆ పెట్టెలో మునిరత్నం పట్టడు.
ఒక జూన్లో వాడి ట్రాక్టరు మూడు దినాలు మా గేటు ముందర నిలబడింది.
అడుగుకాయలు చితికి, రసం కారి
తారురోడ్డు మీద కందిరీగలు.
కిలో పదకొండు నుంచి నాలుక్కి దిగిపోయిన మధ్యాహ్నం
ల్యాబుకు ఫోనొచ్చింది, పదమూడని రాయమని.
గీత పదిహేను మీద ఉండింది.
రాసినాను.
"పోనీలేమ్మా, నీ చేతిలో ఏముంది" అన్నాడు మునిరత్నం.
చేతిలోనే ఉండింది.

"ఈ కంపెనీ చేసిన తప్పేంటి?" అడిగినాడు లెక్చరరు.
స్టోరేజీ అన్నారెవరో. అంచనా తప్పిందన్నారు ఇంకొకరు.
నా చెయ్యి లేచింది, నేను లేపలేదు.
"రీడింగు తప్పు రాసినారు సార్."
"ఇందులో ఎక్కడా లేదే మేడం, మీ సోర్సు ఏంటి?"
"నా కుడికన్ను."

ఫ్యాను తిరగతా ఉంది.
హేమాద్రి సారు నా కళ్లజోడు తీసి, పంచెకొంగుతో తుడిచి
నా ముందర పెట్టినాడు.

తిరుగు బస్సు నిండా గుండ్లు, ఆరిపోయిన చందనం.
ముందు సీట్లో ఒక పాప మాటిమాటికీ
తల తడుముకుంటా ఉంది, తనదేనా అన్నట్టు.
ఫ్యాక్టరీలో పారేస్తామంటే అడిగి తెచ్చుకున్న పాత యంత్రం
నా హ్యాండుబ్యాగులోనే ఉంటుంది, టిఫిను డబ్బా కింద.
ఏ రీడింగుకైనా ముందు
ఉత్త నీళ్లు ఒక చుక్క వేసి
గీత సున్నా మీదికి వచ్చేదాకా మర తిప్పాల.
పంతొమ్మిదేళ్లు రోజూ పొద్దున చేసిన మొదటి పని.

బాటిల్లోంచి ఒక చుక్క వేసినాను.
చంద్రగిరి కొండల మీద మిగిలిన ఎండకేసి ఎత్తినాను.
బస్సు ఊగతా ఉంది.
గీత నిలవడం లేదు.
చెయ్యి దించలేదు.