సుద్ద గీత

మా ఇంట్లో చుక్క ముట్టని తాగుబోతు ఒకడుండేవాడు.
మా నాన్న, ఎల్యూతేరియో.
పాల క్యాన్లు మోస్తూ కొండదారి దిగేవాడు,
చూపు ఒకవైపు, అడుగు ఇంకోవైపు.
పాలు ఒలికేవి. ఊరు నవ్వేది.
నల్లరాతి గోడ పట్టుకుని కాసేపు నిలబడితే
"పొద్దున్నే పట్టించావా?" అనేవాళ్లు.
మేనత్త గుమ్మం తొక్కనివ్వలేదు.
ఆయన తాగలేదనడానికి సాక్ష్యం మా అమ్మ.
అమ్మ మాట ఎవడు విన్నాడు గనక!

ఆయన పోయాక చాలా ఏళ్లకి
లిస్బన్ నుంచి డాక్టరమ్మ వచ్చింది, హెన్రికేటా.
సముద్రం నడుమ మా దీవిలో దిగడానికి
మూడు రోజులు పొగమంచు ఒప్పుకోలేదు.
సంచిలో రబ్బరు సుత్తి, గాజు గొట్టాలు, ఐసుపెట్టె,
ఒక సుద్దముక్క.
"ఇళ్లు చూపించే మనిషి కావాలి" అంది.
పాలకేంద్రంలో లెక్కలు రాసేదాన్ని నేను.
ఇళ్లదేముంది,
ఏ ఇంట్లో ఎవరు తూలతారో నాకు కంఠతా.

అలా పదకొండు వేసవులు.
గొడ్లపాకల్లో, వాకిళ్లలో, చేపల వేలం గచ్చు మీద
సుద్దగీత గీసేదాన్ని.
మడమకి బొటనవేలు ఆనించి పది అడుగులు.
చెబితే ఎవరికీ ఎక్కదు.
అందుకని ముందు నేను నడిచి చూపించేదాన్ని.
బల్బీనా ముసలమ్మ నవ్వేది:
"తాడు మీద ఆటా ఇది? డబ్బులిస్తారా?"
జనువారియో ఒప్పుకోడు:
"పడవలో నేను నిటారే. నేలే ఊగుతోంది, రాసుకోండి."
ఆమె అదీ రాసుకుంది.

మూడో వేసవిలో కాగితం వచ్చింది.
ఒక జన్యువులో మూడక్షరాలు
నత్తి మాటలా
మళ్లీ మళ్లీ మళ్లీ పడ్డాయట.
దొరికింది మేనత్త రక్తంలోనే.
మేనత్త ఏమీ అనలేదు.
ఆ ఆదివారం కర్ర ఊతంతో సమాధిదాకా వెళ్లింది,
చేతులు ఊగి
కొవ్వొత్తి మూడుసార్లు ఆరింది.
నాలుగోసారి నేను పట్టుకున్నాను.

జబ్బుకి పేరు దొరికిన రోజున
మా నాన్న తాగుడు మానేశాడు,
చచ్చిపోయిన పద్నాలుగేళ్లకి.

"మరి మందో?" అని అడుగుతారందరూ.
ఆయన ఎన్నడూ ముట్టని మందు ఒకటి,
మాకెవరికీ ఇంకా అందని మందు ఒకటి.
ఉన్నవి చెబుతాను:
గోడకి కమ్మీలు, లావుపిడి చెంచాలు,
నీళ్లు పొలమారకుండా కలిపే పొడి.
లిస్బన్‌లో ఒక పరీక్ష నడుస్తోంది,
సగంమందికి అసలు మాత్ర, సగంమందికి చక్కెర,
ఎవరిది ఏదో మింగేవాడికి తెలీదు, ఇచ్చేవాడికీ తెలీదు.
జనువారియో పేరిచ్చాడు.
"నాది చక్కెరైనా పర్లేదు,
లెక్కకి ఎవడో ఒకడు కావాలిగా."

నా రక్తం నేనివ్వలేదు.
ఆమె అడగనూ లేదు.

ఈ ఆగస్టులో, వాష్కో వాళ్ల వాకిట్లో,
పంతొమ్మిదేళ్ల కుర్రాడు, జేబుల్లో చేతులు.
గీత గీసి నడిచాను.
నేను నడిచేటప్పుడు ఆమె ఎప్పుడూ
వెనకాల కాగితాలు సర్దుకుంటూ ఉంటుంది.
ఆరు. ఏడు.
గీత నా కాలికింద రవ్వంత జరిగింది.
కాగితాల చప్పుడు ఆగింది.

"ఇంతేనా?" అన్నాడు వాష్కో.
పదికి పది, దారం లాగినట్టు నడిచాడు.
వాళ్లమ్మ కొంగలేని చేతులతో మొహం తుడుచుకుంది.

కారులో చాలాసేపు మాట్లాడలేదు మేం.
మలుపు దగ్గర ఆవులు అడ్డమొచ్చాయి.
"ఆ వాకిలి ఎగుడుదిగుడు" అందామె,
రోడ్డు వైపే చూస్తూ.
పదకొండేళ్లలో ఆమె నాతో ఆడిన
మొదటి అబద్ధం.

ఆరోగ్యకేంద్రంలో గచ్చు నున్నగా ఉంటుంది,
గోళీ పెట్టినా కదలదు.
మిగిలిన సుద్దతో గీత గీశాను.
ఖాళీ ఫారం మీద నా పేరు రాశాను: దెవొలిండా, నలభై మూడు.
చెప్పులు విప్పాను.

కలం తీయండి డాక్టర్,
ఈసారి చూపించడానికి కాదు.