ఈ ఏడాదైనా

సస్కచెవాన్‌లో జనవరి, బయట మైనస్ ముప్ఫై రెండు,
కిటికీ అద్దాల లోపలివైపు కూడా మంచు పేరుకున్న పొద్దున
బల్ల చుట్టూ కూర్చుని రాసుకున్నాం.
వ్యాను అప్పు తీర్చాలి.
మేకల దొడ్డికి పడమటి కంచె వెయ్యాలి.
మారిట్‌కి భిన్నాలు, నాకు ఓపిక.
అది లోర్న్ రాశాడు, నవ్వుతూ. నేను కొట్టెయ్యలేదు.
ఇంగా తన బూట్లు తనే వేసుకోవాలి.
మే నెలలో అందరం సముద్రం చూడాలి.
అందరూ లేచి వెళ్ళాక
అడుగున పెన్సిల్‌తో, చిన్నగా, నేనొక్కదాన్నే:
ఆన్సెల్ చదవాలి, ఈ ఏడాదైనా.

తొమ్మిదేళ్ళవాడి కళ్ళకెదురుగానే
ఫ్రిజ్ తలుపుకి అంటించాను.
చదవలేడు కదా అన్న ధైర్యం.

మా ఇంటి బడికి గంట లేదు.
కోళ్ళకి గింజలు వేసొచ్చాక మొదలవుతుంది,
సూప్ పొంగితే ఆగుతుంది.
ఓట్స్ డబ్బా మీది కొలతలు, ప్రొపేన్ బిల్లు,
గోధుమ గాదె వెనక దొరికిన గుడ్లగూబ రెక్క,
అన్నీ పాఠాలేనని వచ్చినవాళ్ళకి చెబుతుంటాను.
అత్తగారు మాత్రం
"మరి వాడి సంగతి?" అంది.
ట్రాక్టర్ చప్పుడు విని ఏ బేరింగ్ పోయిందో చెబుతాడు, అన్నాను.
ఆవిడ తన ప్లేటు కడిగి బోర్లించి వెళ్ళింది.
కడక్కుండా వెళ్ళినా బాగుండేది.

రాత్రిళ్ళు వాడి పక్కన కూర్చుని
వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించాను.
పలచటి మంచు మీద చెరువు దాటేవాడిలా
అడుగడుక్కీ ఆగి, కింద పగులుతోందేమోనని వింటాడు.
ఒక రాత్రి నేను పుస్తకం మూసిన చప్పుడుకి
పక్క గదిలో ఇంగా ఉలిక్కిపడి లేచింది.

మేలో బయల్దేరాం. అప్పు తీరలేదు.
కంచె సగం లేచింది. మేకల్ని పొరుగువాళ్ళకి అప్పగించాం.
మారిట్ ఆ కాగితం పీకి డాష్‌బోర్డుకి అంటించింది,
సముద్రం కనబడగానే టిక్కు పెడతానని.
ధాన్యం కుప్పలు తప్ప మరో ఎత్తు ఎరగని ఇంగా
జాస్పర్ కొండల్ని చూసి
"ఇవెవరు పోశారు?" అంది.
మెక్‌బ్రైడ్ దగ్గర దీపాలు వెలవెలబోయి వ్యాను ఆగింది.
"ఆల్టర్నేటర్," అన్నాడు ఆన్సెల్ వెనక సీట్లోంచి.
మెకానిక్ గంటసేపు వెతికి అదే మాట అన్నాడు.
కొత్తది ప్రిన్స్ జార్జ్ నుంచి రావాలి, రెండు రోజులు.

రెండో తెల్లవారుజామున, గ్యారేజీ వెనక, వాన.
ముందు సీట్లో వాడొక్కడే మేలుకుని ఉన్నాడు.
నేను కళ్ళు తెరవలేదు.
"వ్యా... వ్యాను. అప్పు."
కంచె దగ్గర తడబడ్డాడు, దాటాడు.
"నాకు ఓపిక" దగ్గర ముక్కుతో నవ్వాడు.
లేచి కాగితం లాక్కోవచ్చు.
చెయ్యి రాలేదు.
"ఆన్సెల్." తన పేరు వాడికెప్పుడో వచ్చు.
"చ-ద-వాలి. ఈ. ఏ-డా-దై..."
చాలాసేపు వాన.
"నా."

తర్వాత పెన్సిల్ గీసిన చప్పుడు, ఒక్కసారి.

సముద్రం చూశాం, ప్రిన్స్ రూపర్ట్‌లో,
పొగమంచు వదిలిన ముప్ఫై అడుగుల మేర.
ఇంగా బూట్లు తనే విప్పుకుంది. వేసుకోవడం ఇంకా రాలేదు.

కాగితం మళ్ళీ ఫ్రిజ్ మీదికొచ్చింది.
నా వాక్యం చివర 'ఐనా' ఒక్కటే కొట్టేశాడు.
ఈ ఏడాది, అని మిగిలింది.
టిక్కు వాడూ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

రేపు లోర్న్ మిగతా కంచెకి గుంజలు తేవాలి.
ఎన్ని కావాలో, ఎంత పొడవో, మేకులెన్నో
పాత కవరు వెనక ఆన్సెల్ రాసిచ్చాడు.
రెండు చోట్ల తప్పుంది.
పెన్సిల్ నా ఎదురుగానే ఉంది.
దిద్దలేదు.