రెండు సత్తు పడవలు

లోకనాథం షెడ్డులో రెండు పడవలు
బోర్లించి ఉన్నాయి,
యాత్రలో తప్పిపోకుండా
ఒకే తానులో గుడ్డ కుట్టించిన కవల గుంటల్లాగా.

"రెండూ పద్నాలుగు అడుగులే బాబూ.
రెండూ సత్తే. సత్తని చులకన చెయ్యకండి,
సత్తువంతా దాంట్లోనే ఉంది."
ఒకటి రెండు వేళ్లు వెడల్పు.
ఇంకోటి రెండు వేళ్లు లోతు.

నేను నౌపడ ఉప్పు కొఠారులో కాటా గుమస్తాని.
తేడా అంటే నాకు ముల్లు కదలాలి.
రెండు ఆదివారాలు టేపు పట్టుకుని
షెడ్డులో మోకాళ్ల మీద తిరిగాను.
రివెట్లు లెక్కపెట్టాను.
దీనికి రెండొందల పన్నెండు.
దానికీ రెండొందల పన్నెండు.
ఉప్పుగాలికి ఏది ముందు పొక్కుతుందో అని
గోటితో గీకి, గోరు వాసన చూశాను.

రాత్రి పుస్తకంలో నిలువుగా గీత గీసి
ఇటు దీని గుణాలు, అటు దాని గుణాలు రాస్తే
ఎక్కం రెండుసార్లు రాసినట్టు వచ్చింది.

మూడో ఆదివారం దానమ్మ వచ్చింది,
పిల్లలిద్దరూ వెనకాల.

దానమ్మ టేపు ముట్టలేదు.
సంతలో కుండ బేరం చేసినట్టు
వేళ్లు మడిచి పడవ పొట్ట మీద కొట్టింది.
వెడల్పుది వెంటనే ఖంగుమంది.
లోతుది కొంచెం ఆలోచించి పలికింది.

"ఇది నీళ్లు చూసిందా మావా?"

లోకనాథం తల గోక్కున్నాడు.
తుఫాను ఏడు తీసుకెళ్లారట.
పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య మూడు రోజులు
ముసలాళ్లని, మేకల్ని,
నెల తిరగని ఒక బాలింతని
మోసుకొచ్చిందట.
"వాడింది కదా, తగ్గించవా?" అన్నాను.
"పేరున్న పడవ బాబూ,
దీనికే రెండువేలు ఎక్కువ" అన్నాడు.

నా చెయ్యి అప్పటికే దాని అంచు మీద ఉంది.
ఇన్నాళ్లకి ముల్లు కదిలింది.
కొఠారులో పదిమందికి చెప్పుకోవచ్చు,
ఇది ఫలానా పడవ అని.

దానమ్మ వచ్చి
నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"మా తాత పడవెక్కితే పనికే.
మా అయ్య పడవెక్కితే పనికే.
మా యమ్మయితే ఎక్కనే నేదు,
గంపట్టుకుని ఒడ్డున నిలబడ్డమే
దానికి సముద్రమంటే.
నాను ఊరికినే ఎక్కాల.
వల నేకుండా.
వస్తారో రారో అని
ఒడ్డున ఎవులూ సూడకుండా.
ఆ పడవకి పని తెలిసిపోనాది.
దండం పెట్టి ఒగ్గెయ్.
ఏటీ తెలవని దాన్ని కొను."

డిసెంబరులో, భావనపాడు ఉప్పుటేటి మీద,
ఎండకి బల్ల చురుక్కుమంటుంటే
కొఠారు గోనెసంచులు రెండు పరిచాను.
అడుగున నీళ్లు
సత్తుగిన్నెలో బియ్యం కడుగుతున్న చప్పుడు.
తేలినీలాపురం వైపు గూడబాతులు
బరువుగా లేచి, మనసు మార్చుకుని
మళ్లీ అక్కడే వాలాయి.
చిన్నోడు వాటిని లెక్కపెట్టడం మొదలెట్టి
పదిహేడు దగ్గర నిద్రపోయాడు.

దానమ్మ పక్కకి వంగి
నీళ్లలోకి చెయ్యి జార్చింది.
దేన్నో లాగబోయినట్టు పిడికిలి మూసుకుంది.
తెరిచి చూసుకుంది.

తెడ్డు ఆపేశాను.
కాసేపటికి హైమ విసుక్కుంది:
"అమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏటీ నేదే.
కూకో."